స్మృతి ప్రమాణం కాగలదా? వెబ్ క్యాష్ స్వరూప విచారం

న్యాయశాస్త్రం జ్ఞానాన్ని అనుభవం, స్మృతి అని రెండు విధాలుగా విభజించింది. కుండను కంటితో చూసినప్పుడు కలిగేది అనుభవం. కుండ ఎదుట లేనప్పుడు, మునుపటి అనుభవం విడిచిన సంస్కారం వల్ల మాత్రమే కలిగేది స్మృతి. యథార్థమైన అనుభవాన్నే నైయాయికులు ప్రమ అన్నారు. స్మృతికి ఆ స్థానం ఇవ్వలేదు. స్మృతి అసత్యమని వారి భావం కాదు. అది ఎదుట ఉన్న వస్తువు నుండి పుట్టినది కాదు, పూర్వానుభవాన్ని ఆశ్రయించి నిలిచేది. ఈలోగా కుండ పగిలిపోయినా స్మృతికి ఆ వార్త తెలియదు. అయినప్పటికీ లోకవ్యవహారంలో అధికభాగం స్మృతి మీదనే నడుస్తుంది. ఇంటికి వెళ్లే దారిని ఎవరూ ప్రతిదినం కొత్తగా అడిగి తెలుసుకోరు.

ఈ ప్రాచీన విచారం నేడు మరొక చోట యథాతథంగా ఎదురవుతోంది. భక్తుడు చేతిలోని ఫోనులో ఒక ఆలయం వెబ్‌సైటును తెరుస్తాడు. దర్శన వేళలు, సేవల వివరాలు, గోపురం చిత్రం కనబడతాయి. ఆ కనబడినది మూలస్థానమైన సర్వర్ ఆ క్షణంలో చెప్పిన మాటా, లేక ఎప్పుడో చెప్పిన మాటను నడుమ ఎవరో దాచి ఉంచి చూపుతున్నారా? చాలా సందర్భాలలో ఈ రెండూ కలిసి ఉంటాయి. దాచి ఉంచి చూపే ఆ వ్యవస్థకే వెబ్ క్యాష్ అని పేరు. యాత్రకు బయలుదేరే ముందు ఫోనునే అడుగుతున్న ఈ కాలంలో దాని స్వరూపాన్నీ, గుణదోషాలనూ తెలుసుకొనడం అనావశ్యకం కాదు.

శబ్దార్థం

క్యాష్ అన్నంతనే ధనం స్ఫురిస్తుంది. ఉచ్చారణ ఒకటే గాని శబ్దాలు రెండూ వేరు. ఈ క్యాష్ శబ్దానికి మూలం ఫ్రెంచి భాషలో దాచుట అనే అర్థం గల క్రియ. దూరప్రయాణం చేసేవారు తరువాతి అవసరం కోసం ఆహారాదులను దాచి ఉంచే రహస్యస్థానానికి ఆ పేరు వచ్చింది. కంప్యూటర్ల విషయంలో ఈ మాట 1968 నాటి ఐబీఎం సిస్టం/360 మోడల్ 85 యంత్రంతో వ్యాప్తిలోకి వచ్చింది. ఆ యంత్రంలో వేగంగా లెక్కించే భాగానికీ, విశాలమైనదైనా మందగామి అయిన ప్రధాన స్మృతికీ మధ్య ఒక చిన్న, చురుకైన నిల్వ అమర్చబడింది. తరచుగా కావలసినదాన్ని చేరువలో ఉంచుకొనడమే దాని తత్త్వం. వెబ్ క్యాష్ ఆ తత్త్వాన్నే ఖండాల దూరానికి విస్తరింపజేసింది.

దూరం అనివార్యం

ఈ దాచుకొనడం ఎందుకు? యంత్రాలు నానాటికీ వేగవంతమవుతున్నాయి కదా, అడిగిన ప్రతిసారీ మూలసర్వరే సమాధానం చెప్పరాదా? ఈ శంకకు సమాధానం కాంతివేగంలో ఉంది.

శూన్యంలో కాంతి సెకండుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పయనిస్తుంది. సముద్రగర్భంలోని కేబుళ్లలో ఉండే గాజుతంతువులలో దాని వేగం సుమారు 2,00,000 కిలోమీటర్లకు తగ్గుతుంది. అమెరికాలోని ఉత్తర వర్జీనియా ప్రాంతంలో సర్వర్ కేంద్రాలు అనేకం ఉన్నాయి. హైదరాబాదు నుండి అక్కడికి భూగోళం మీద అతి దగ్గర దారిలో కొలిచినా దూరం సుమారు 13,000 కిలోమీటర్లు. ప్రశ్న వెళ్లి సమాధానం రావడానికి 26,000 కిలోమీటర్లు, అనగా కాలం 130 మిల్లీసెకండ్లు. కేబుళ్లు అంత నేరుగా సాగవు గనుక వాస్తవంలో ఇంతకంటె ఎక్కువే పడుతుంది.

పైగా ఒక్క రాకపోక చాలదు. ముందుగా రెండు యంత్రాలూ పరస్పరం పలకరించుకొని సంబంధాన్ని స్థాపించుకోవాలి. అది ఒక రాకపోక. తరువాత సంభాషణ పరులకు తెలియకుండా గూఢలిపి నియమాలను ఒప్పుకోవాలి. నేటి పద్ధతిలో అది మరొక రాకపోక. ఆ తరువాతనే అసలు ప్రశ్న. ఈ మూడింటికి కలిపి కనీసం 390 మిల్లీసెకండ్లు. ఇంత జరిగినా చేతికి వచ్చేది పుట యొక్క అస్థిపంజరం మాత్రమే. చిత్రాలు, అక్షరరూపాలు, అలంకారాలు మరల విడివిడిగా అడగవలసి ఉంటుంది. సర్వర్ ఎంత శక్తిమంతమైనదైనా కాంతి కంటె వేగంగా మాట్లాడలేదు. మిగిలిన ఉపాయాలు రెండే: దూరాన్ని తగ్గించడం, లేదా పయనాన్నే మానుకొనడం. క్యాష్ ఈ రెండూ చేస్తుంది.

మూడు నిల్వలు

వేసవిలో తెలుగు ఊళ్ల దారుల వెంట చలివేంద్రాలు పెడతారు. నది బాటసారి వద్దకు రాదు. నదీజలం నింపిన కడవ వస్తుంది. వెబ్‌లో ఇటువంటి కడవలు ముఖ్యంగా మూడు చోట్ల ఉంటాయి.

మొదటిది బ్రౌజర్‌లోనే, అనగా చదువరి ఫోనులోనే ఉంటుంది. ఇది బాటసారి తన వెంట తెచ్చుకొన్న నీటిపాత్ర వంటిది. ఒకసారి దిగివచ్చిన గోపురం చిత్రం ఇక్కడ నిలిచి ఉంటే రెండవసారి పయనమే అక్కరలేదు. ఇది ఆ ఒక్కరికి మాత్రమే ఉపయోగపడుతుంది.

రెండవది దారిలో ఉండే సమీప సర్వర్. ఇదే నిజమైన చలివేంద్రం. ఒకరి కోసం తెచ్చిన సమాధానాన్ని పదివేల మందికి పంచుతుంది. పూర్వం ఇంటర్నెట్ సేవాసంస్థలు తమ కేంద్రాలలోనే ఇటువంటి ఉమ్మడి నిల్వలను నడిపేవి. వెబ్ సంభాషణ అంతా గూఢలిపిలోకి మారిన తరువాత దారిలోని అపరిచితుడు దానిని చదువలేడు గనుక ఆ నిల్వలు క్షీణించాయి. వెబ్‌సైటు యజమాని తానే నమ్మి, తన ముద్రాధికారాన్ని అప్పగించిన సంస్థలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. ఎంఐటీ విద్యాసంస్థలో గణితాచార్యుడైన టామ్ లేటన్, ఆయన శిష్యుడైన డానియెల్ లూయిన్ 1998లో స్థాపించిన అకమాయ్ వీటిలో ఆద్యమైన వాటిలో ఒకటి. ఏ వస్తువును ఏ సర్వర్‌లో దాచాలి అనేది వారికి ఎదురైన ప్రశ్న. ఒక సర్వర్ చెడిపోయినంత మాత్రాన వస్తువులన్నీ స్థానభ్రంశం పొందకుండా, దాని వంతు మాత్రమే ఇతరులకు చేరేటట్లు చేసే గణితపద్ధతిని వారు తమ సహచరులతో కలిసి 1997లో ప్రకటించారు.

మూడవ నిల్వ మూలస్థానంలోనే, సర్వర్ ముంగిట ఉంటుంది. ఒక పుటను ప్రతిసారీ దత్తాంశాల నుండి కొత్తగా కూర్చే శ్రమను ఇది తప్పిస్తుంది. ఈ మూడింటిలోనూ స్థలం పరిమితమే. నిండినప్పుడు సాధారణంగా చిరకాలంగా ఎవరూ అడగనిదానిని ముందుగా తొలగిస్తారు.

ఆయుర్దాయం, పునఃప్రశ్న

దాచుట సులభం. దాచినది ఎంతకాలం చెల్లుతుంది అనేదే కఠినమైన ప్రశ్న. దీనికి పంచాంగం మంచి దృష్టాంతం. పంచాంగకర్త ఏ సంవత్సరానికి గణించాడో ముఖపత్రం మీదనే ఉంటుంది. ఆ గడువు లోపల ఇంటింటా ఉన్న ప్రతిని నిశ్చింతగా చూసుకోవచ్చు, ప్రతిదినం సిద్ధాంతి ఇంటికి పోనక్కరలేదు. గడువు తీరితే ఆ ప్రతి ఎంత చక్కగా ఉన్నా పనికిరాదు.

వెబ్ సంభాషణకు నియమావళి అయిన హెచ్‌టీటీపీలోనూ ఇదే పద్ధతి. 1996 నాటి నియమాలలో సమాధానంతో పాటు గడువు తేదీని పంపే ఏర్పాటు ఉండేది. 1997లో వచ్చిన తరువాతి రూపంలో క్యాష్-కంట్రోల్ అనే సమగ్రమైన ఆజ్ఞాపత్రం చేరింది. ప్రస్తుతం 2022లో ప్రకటితమైన ఆర్‌ఎఫ్‌సీ 9111 ఈ విషయంలో ప్రమాణగ్రంథం. ఆజ్ఞాపత్రంలో మ్యాక్స్-ఏజ్ 86400 అని ఉంటే ఆ సమాధానానికి ఆయుర్దాయం 86,400 సెకండ్లు, అనగా ఒక పూర్తి దినం. నడుమనున్న సమీప సర్వర్ తన వద్ద అది ఎంతసేపు ఉన్నదో వయస్సు అనే అంకెగా తెలియజేయాలి. ఈ వయస్సును దాచకపోవడమే క్యాష్ యొక్క నిజాయితీ.

గడువు తీరినంత మాత్రాన దాచినదానిని పారవేయనక్కరలేదు. మూలసర్వర్ ప్రతి సమాధానానికీ ఈ-ట్యాగ్ అనే ఒక గుర్తును జతచేయగలదు. గడువు తీరిన పిమ్మట బ్రౌజర్, ‘ఈ గుర్తు గల ప్రతి నా వద్ద ఉంది, ఇది నేటికీ చెల్లుతుందా?’ అని అడుగుతుంది. మార్పు లేకపోతే సర్వర్ 304 అనే సంఖ్యతో, వస్తువును మరల పంపకుండానే, మార్పు లేదని చెబుతుంది. పెద్ద చిత్రానికి బదులు చిన్న జాబు వస్తుంది. పయనం తప్పలేదు, భారం తప్పింది.

ఇక్కడ జిజ్ఞాసువులు ఒక శబ్దభ్రమను గుర్తించాలి. నో-క్యాష్ అనే ఆజ్ఞకు దాచవద్దని అర్థం కాదు. దాచవచ్చును గాని ప్రతిసారీ మూలాన్ని అడిగిన తరువాతనే చూపాలని దాని అర్థం. అసలు దాచనే కూడదని చెప్పే ఆజ్ఞ నో-స్టోర్. అవయవార్థం ఒకటి, రూఢ్యర్థం మరొకటి. ఈ భేదం తెలియక అనుభవం గల నిపుణులు కూడా పొరబడుతుంటారు.

మూలసర్వర్ ఏ ఆజ్ఞా ఇవ్వకపోతే? మౌనం అర్ధాంగీకారం అన్నట్లు, క్యాష్ తానే ఊహించుకోవడానికి నియమావళి అనుమతి ఇచ్చింది. పుట చివరిసారి మారి ఎంతకాలమైందో అందులో పదవ వంతును గడువుగా తీసుకొనడం ఒక సాధారణ పద్ధతి. నూరు దినాలుగా మారని పుట మరి పది దినాలు మారదని అనుమానం. ఇది అనుమానమే గాని నిశ్చయం కాదు. నూట ఒకటవ దినాననే అది మారవచ్చు. కనుక ఏమీ చెప్పకపోవడం కూడా ఒక నిర్ణయమే అవుతుంది, తెలియక చేసిన నిర్ణయం.

ఒక గ్రహణదినం

గుణం తెలిసింది, ఇక దోషం. 2025 సెప్టెంబరు 7, ఆదివారం రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం భారతదేశమంతటా కనబడింది. అటువంటి దినాన అనేక ఆలయాల తలుపులు మధ్యాహ్నమే మూసి, గ్రహణమోక్షానంతరం శుద్ధి జరిపి తెరుస్తారు. ఇటువంటి దినాన ఒక ఆలయపు వెబ్‌సైటు ఎలా ప్రవర్తిస్తుందో ఊహించి చూడవచ్చు.

ఆ ఆలయంలో సాధారణ దర్శనవేళ ఉదయం 6 నుండి రాత్రి 9 వరకు. దర్శనవేళల పుటకు ఒక దినం ఆయుర్దాయం ఇచ్చి ఉన్నారు. గ్రహణానికి ముందుదినం సాయంకాలం 6 గంటలకు ఒక గృహస్థు ఆ పుటను తెరిచి చూశాడు. రాత్రి 7 గంటలకు కార్యాలయంవారు పుటను సరిదిద్ది, మరునాటి మధ్యాహ్నమే తలుపులు మూస్తామని ప్రకటించారు. మరునాడు పన్నెండు గంటలకు గృహస్థు బయలుదేరబోతూ మరొకసారి పుటను తెరిచాడు. బ్రౌజర్ లెక్క చూసుకొంది: ప్రతి వయస్సు పద్దెనిమిది గంటలు, అనుమతి ఇరవై నాలుగు గంటలు. ఎవరినీ అడగకుండానే రాత్రి 9 వరకు దర్శనమని చూపింది. వృద్ధురాలైన తల్లిని వెంటబెట్టుకొని మూడు గంటలు ప్రయాణించి వెళ్లేసరికి తలుపులు మూసి ఉన్నాయి.

ఇందులో అబద్ధమాడినవారు ఎవరు? కార్యాలయంవారు సకాలంలోనే సరిదిద్దారు. సర్వర్ సత్యమే చెప్పింది. బ్రౌజర్ నియమాన్ని అతిక్రమించలేదు. గృహస్థు ఆనాడు చూసుకొనే బయలుదేరాడు. అందరూ ధర్మం తప్పకుండానే ఫలితం తప్పింది. కారణమంతా ఎన్నడో ఎవరో వ్రాసి మరచిన 86,400 అనే ఒక్క సంఖ్యలో ఉంది. ఆ సంఖ్య వల్ల కలిగే వేగం, ఖర్చులో ఆదా వెబ్‌సైటు యజమానికి దక్కాయి. దాని వల్ల కలిగిన శ్రమ ఆ తల్లికి దక్కింది. క్యాష్ గుణదోషాలను తూచేవారు ఈ భేదాన్ని ముందుగా గమనించాలి: ఆయుర్దాయాన్ని నిర్ణయించేవారు ఒకరు, పాతబడిన మాటకు మూల్యం చెల్లించేవారు మరొకరు.

ఇక్కడ పూర్వపక్షం లేస్తుంది. ‘అట్లయితే క్యాష్‌నే త్యజించి ప్రతిసారీ మూలాన్నే అడగవచ్చును కదా?’ గ్రహణదినాననే నిమిషానికి పదివేల మంది ఆ పుటను తెరుస్తారనుకొంటే, పదివేల ప్రశ్నలూ ఒకే సర్వర్ మీద పడతాయి. సామాన్యమైన సర్వర్ ఆ ఒత్తిడికి కూలిపోతుంది. అప్పుడు పాత వేళలూ కనబడవు, కొత్త వేళలూ కనబడవు. మూలాన్నే ఆశ్రయించాలనే నిష్ఠ మూలాన్నే అందకుండా చేస్తుంది.

సిద్ధాంతం రెండింటికీ నడుమ ఉంది. సమీప సర్వర్‌లో ఒక్క నిమిషం ఆయుర్దాయం చాలు. నిమిషానికి పదివేల ప్రశ్నలు ఆ సర్వర్ వద్దకు వస్తే మూలానికి చేరేది ఒక్కటే. పాతబడితే ఒక నిమిషమే పాతబడుతుంది. ఒక్క నిమిషపు స్మృతి పదివేల భారాన్ని ఒకటిగా చేస్తుంది. ఒక దినపు స్మృతి అంతకుమించి ఇచ్చే లాభం స్వల్పం, తెచ్చే అపాయం అధికం.

రాబోయే మార్పు ముందే తెలిసినప్పుడు మరొక జాగ్రత్త ఉంది. గ్రహణం అకస్మాత్తుగా రాదు. పుటను మార్చే సమయానికి కనీసం ఒక దినం ముందే ఆయుర్దాయాన్ని ఐదు నిమిషాలకు తగ్గించాలి. మార్పుతో పాటు తగ్గిస్తే చాలదు. అప్పటికే ఇళ్లలోని ఫోనులకు చేరిన ప్రతులు పాత ఆజ్ఞనే పాటిస్తాయి, కొత్త ఆజ్ఞ వాటికి వినబడదు. విల్లు విడిచిన బాణానికి చెప్పినట్లే అవుతుంది.

వస్తుభేదం చేత కాలభేదం

కనుక ఎంతకాలం దాచాలి అనే ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. గోపురం చిత్రాన్ని ఒక సంవత్సరం దాచవచ్చు. స్థలపురాణాన్ని ఒక దినమో, వారమో దాచవచ్చు. ఒక అక్షరదోషం సరిదిద్దిన వార్త ఆలస్యంగా అందితే ఎవరికీ బాధ లేదు. దర్శనవేళలకు కొన్ని నిమిషాలే తగును. సేవా టిక్కెట్లు ఎన్ని మిగిలాయో చూపే సంఖ్యకు కొన్ని సెకండ్లు. ఆ సంఖ్య విషయంలో మరొక నియమం ఉంది: చూపడానికి దాచిన ప్రతి చాలు, కాని టిక్కెట్టు ఇచ్చే క్షణంలో మూలంలోనే సరిచూడాలి. లేకుంటే మిగిలిన ఒకే టిక్కెట్టు పదిమందికి అమ్ముడవుతుంది.

ఇక భక్తుని పేరు, చిరునామా, చెల్లింపు వివరాలు గల పుట. దానిని ఉమ్మడి నిల్వలో ఒక్క సెకండు కూడా ఉంచరాదు. చలివేంద్రం కడవలో నీరు అందరిదీ. ఒకరి ఔషధాన్ని అందులో కలపరాదు. నియమావళి ఇందుకోసం ప్రైవేట్ అనే ఆజ్ఞను ఇచ్చింది. దాని ప్రకారం ఆ పుట సొంత బ్రౌజర్‌లో ఉండవచ్చు, దారిలో ఉండరాదు. అంతకంటె కఠినమైనది ముందు చెప్పిన నో-స్టోర్.

ఈ నియమం తప్పితే ఏమవుతుందో 2015 డిసెంబరు 25న లోకానికి తెలిసింది. వాల్వ్ సంస్థకు చెందిన స్టీమ్ అనే ఆటల అంగడి మీద ఆ దినం దురుద్దేశంతో ప్రశ్నల వర్షం కురిసింది. దానిని తట్టుకొనడానికి వారి క్యాష్ సేవాసంస్థ తొందరలో ఒక కొత్త అమరికను ప్రవేశపెట్టింది. అది లోపలికి ప్రవేశించిన సభ్యుల సొంత పుటలను కూడా ఉమ్మడి నిల్వలో దాచింది. ఒకరు తమ ఖాతాను తెరిస్తే మరొకరి ఖాతా పుట కనబడింది. సుమారు 34,000 మంది వివరాలు ఇతరులకు కనబడి ఉండవచ్చని ఆ సంస్థే ప్రకటించింది. ద్వారాన్ని ఎవరూ బద్దలుకొట్టలేదు. వేగం కోసం చేసిన ఏర్పాటే ఒకరి రహస్యాన్ని మరొకరి ముందు పెట్టింది.

నామాంతరమే ఉపాయం

దాచినదానిని ఉపసంహరించడం సాధ్యమా? సమీప సర్వర్లకు ఆజ్ఞ పంపి పాత ప్రతులను తొలగింపజేయవచ్చు. బ్రౌజర్లలో ఉన్న ప్రతుల మీద మాత్రం ఆ ఆజ్ఞ సాధారణంగా చెల్లదు. అవి తమంత తాముగా అడిగేదాకా మూలసర్వర్ వాటిని పలకరించలేదు. కంప్యూటర్ శాస్త్రంలో కఠినమైనవి రెండే, ఒకటి దాచినదానిని సకాలంలో రద్దుచేయడం, రెండవది పేరు పెట్టడం అనే అర్థంలో ఫిల్ కార్ల్టన్ పేరిట ఒక నానుడి ప్రచారంలో ఉంది. విచిత్రమేమంటే, మొదటి కష్టానికి రెండవదానిలోనే పరిష్కారం దొరికింది.

వస్తువు మారినప్పుడల్లా దాని పేరునే మార్చడం ఆ ఉపాయం. చిత్రంలోని దత్తాంశం నుండి గణితం ద్వారా ఒక సంక్షిప్త ముద్రను తీసి, దానిని పేరులో కలుపుతారు. చిత్రంలో ఒక్క బిందువు మారినా ముద్ర మారుతుంది, పేరు మారుతుంది. కొత్త పేరు గలది ఏ క్యాష్‌లోనూ ఉండదు గనుక మూలం నుండి రాక తప్పదు. పాత పేరు గలది ఎన్నటికీ మారదు గనుక దానిని సంవత్సరం పాటు నిర్భయంగా దాచవచ్చు. అటువంటి వస్తువు మార్పులేనిదని ప్రకటించే ఇమ్యూటబుల్ అనే ఆజ్ఞ 2017లో నియమావళిలో చేరింది. ఇక ఏ పేరు గల చిత్రాన్ని చూపాలో చెప్పే మూలపుట ఒక్కదానినే ఎప్పటికప్పుడు అడిగి తెలుసుకొంటే చాలు. మారేదానినీ మారనిదానినీ వేరుచేసి, దేనికి తగిన నియమం దానికి పెట్టడం ఈ విద్యలో ఉత్తమమైన అంశం.

మరికొన్ని మూల్యాలు

ఒక ప్రసిద్ధమైన పుట గడువు సరిగ్గా ఒకే క్షణంలో తీరితే, ఆ క్షణంలో వచ్చిన వేలమంది ప్రశ్నలూ ఒక్కుమ్మడిగా మూలం మీద పడతాయి. ఉత్సవంలో తలుపు తెరిచిన క్షణంలో జరిగే తొక్కిసలాట వంటిదే ఇది. దీనికి రెండు ప్రతిక్రియలు ఉన్నాయి. ఒకరిని మాత్రమే లోపలికి పంపి, తక్కినవారిని వారు తెచ్చే సమాధానం కోసం నిలిపి ఉంచడం ఒకటి. గడువు తీరిన ప్రతిని కొద్దిసేపు చూపుతూనే, వెనుక కొత్తదానిని తెప్పించుకొనడం మరొకటి. మూలసర్వర్ పలకనప్పుడు ఏమీ చూపకపోవడం కంటె పాతదే చూపడం మేలనే అనుమతి కూడా ఉంది. ఈ రెండు అనుమతులూ 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5861లో వివరింపబడ్డాయి. స్థలపురాణానికి ఇది వరం. గ్రహణదినపు దర్శనవేళలకు మాత్రం ఇది కూడా ఆలోచించి ఇవ్వవలసినదే.

రెండవ మూల్యం పరాధీనత. లోకంలోని వెబ్‌సైటులు కొద్ది సంస్థల సమీప సర్వర్ల మీద ఆధారపడి ఉన్నాయి. 2021 జూన్ 8న ఫాస్ట్‌లీ అనే సంస్థలో, ఒక వినియోగదారుడు చేసిన నిర్దోషమైన అమరిక మార్పు అంతకుముందే దాగి ఉన్న లోపాన్ని మేల్కొలిపింది. వారి జాలంలో 85 శాతం దోషసూచనలే ఇవ్వసాగింది. బ్రిటిష్ ప్రభుత్వ వెబ్‌సైటుతో పాటు ప్రసిద్ధ వార్తాపత్రికలు అదృశ్యమయ్యాయి. 49 నిమిషాలలో 95 శాతం జాలం యథాస్థితికి వచ్చింది. ఆ సమయంలో ఆ వెబ్‌సైటుల మూలసర్వర్లు చెడిపోలేదు. దారిలోని కడవలు పగిలాయి, నదికి దారి వాటి గుండానే ఉంది.

మూడవది ఏకాంతానికి సంబంధించినది. ఒక వస్తువు క్షణంలో వచ్చిందంటే అది ముందే దాచబడి ఉందని అర్థం. ఒక వెబ్‌సైటు, మరొక వెబ్‌సైటు చిత్రాన్ని అడిగి చూసి, అది వచ్చిన వేగాన్ని బట్టి ఆ చదువరి లోగడ ఎక్కడెక్కడ తిరిగాడో పసిగట్టగలిగేది. దీనిని నివారించడానికి బ్రౌజర్లు తమ నిల్వను వెబ్‌సైటు వారీగా అరలుగా విభజించాయి. సఫారీ 2013లోనే ఈ దారి పట్టింది. క్రోమ్ 2020లో, ఫైర్‌ఫాక్స్ 2021లో అనుసరించాయి. ఫలితంగా ఒకే అక్షరరూపాన్ని పది వెబ్‌సైటులు వాడితే అది పదిసార్లు దిగవలసి ఉంటుంది. ఇక్కడ వేగాన్ని కొంత వదులుకొని ఏకాంతాన్ని కాపాడుకొన్నారు. ఎల్లప్పుడూ వేగమే గెలవదని చెప్పడానికి ఇది చక్కని ఉదాహరణ.

ఆచరణ

చదువరికి ఇందులో కర్తవ్యం స్వల్పమే గాని ప్రయోజనం అధికం. దూరయాత్రకు బయలుదేరే ముందు పుటను ఒకసారి రీలోడ్ చేస్తే బ్రౌజర్ మూలాన్ని మరల అడుగుతుంది. పుటలో చివరిగా సవరించిన తేదీ ఉంటే దానిని చూడాలి; లేకుంటే, గ్రహణం, బ్రహ్మోత్సవం వంటి దినాలలో కార్యాలయానికి ఫోను చేసి అడగడం ఉత్తమం. ఒక పుట పాతబడి కనబడిందని ఫోనులోని నిల్వనంతా మాటిమాటికీ తుడిచివేయడం మాత్రం అవసరం లేదు. అలా చేస్తే ప్రతి వెబ్‌సైటూ మరల మొదటి నుండి దిగవలసి వస్తుంది.

ఆలయ వెబ్‌సైటులను నిర్వహించేవారి బాధ్యత ఇంతకంటె గురుతరమైనది. ఏ పుటకు ఎంత ఆయుర్దాయం ఇచ్చారో ఒక పట్టికగా వ్రాసి ఉంచాలి. ప్రతి సంఖ్య పక్కన, ఈ మాట ఇంతకాలం పాతబడితే ఎవరికి కష్టం అనే ప్రశ్నకు సమాధానం వ్రాయాలి. దర్శనవేళల పుట మీద, ఈ వివరం ఫలానా తేదీన, ఫలానా గంటకు సవరించబడినది అని చదువరికి కనబడేటట్లు ముద్రించాలి. స్మృతికి ప్రమాణత్వం లేదన్న నైయాయికులు స్మృతిని విడిచిపెట్టమనలేదు. అది ఏ అనుభవం నుండి వచ్చిందో చూడమన్నారు. సవరించిన తేదీ ఉన్న పుటను చూసిన గృహస్థు, అది నిన్నటి మాట అని తానే గ్రహించి, తల్లిని కారెక్కించే ముందు ఒక్కసారి ఫోను చేస్తాడు.